ఎడమ బల్ల వాళ్ళ పాపం

క్వారీ కొండ కింద, వడ్రంగి కొట్టు పక్క గది
ఫిబ్రవరి 9

అక్కకి,

నేను బాగానే ఉన్నాను. నీ మరదలు బాగానే ఉంది. బండి బాగాలేదు.

రెండేళ్ళకి గుర్తొచ్చానా అంటావు. అను. పంతం పట్టి కూర్చున్నవాళ్ళకి చివరికి ఏ గతి పట్టిందో లేఖనంలో నాలుగు పేజీలకోసారి ఉంది. చదివి చదివి, నాకూ ఆ గతి పట్టకముందే రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అని కూడా అంటావు. ఫోన్లు వద్దని వరసగా మూడు వారాలు ప్రసంగించాను. మూడో వారం చివర అందరూ చూస్తుండగా నా ఫోన్ తీసి బకెట్ నీళ్ళలో వేశాను. ఇప్పుడు ఇంకోటి కొనుక్కుంటే బాగుండదు.

సంగతి ఏమిటంటే, నీ దగ్గర తీసుకున్న వ్యానులోనే మా సంఘం వాళ్ళని ప్రతి ఆదివారం కొండ అవతల ప్రార్థన గదికి తీసుకెళ్తున్నాను. తొమ్మిది మంది. అందరూ అరవై దాటినవాళ్ళే, నడిచి కొండెక్కే ఓపిక చాలామందికి లేదు. వెనక ఎదురెదురుగా రెండు బల్లలు నేనే చేసి బిగించాను. ఎడమ బల్ల, కుడి బల్ల. నీ మరదలు ముందు సీట్లో నా పక్కన. క్వారీ దాటగానే రోడ్డు ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. అక్కడ బండి ఎడమకి ఒరుగుతోంది. ఏదో కాస్త కాదక్కా. ఎడమ కిటికీలోంచి లోయ అడుగున ఉన్న లారీల నంబర్లు చదువుకోవచ్చు.

ప్రార్థన చేశాను. తగ్గలేదు. ఉపవాసముండి ఆలోచించాను. అప్పుడు బోధపడింది. ఎడమకి ఒరుగుతోందంటే ఎడమ బల్ల మీద బరువుంది. ఒంటి బరువు కాదు, ఆ బల్ల మీద కూర్చునే రిటైరైన నర్సమ్మ బట్టలతో కలిపి నలభై కిలోలుండదు. అది పాపం బరువు. ఎడమ బల్ల వాళ్ళ మీద రెండు ఆదివారాలు నిప్పులు కురిపించాను. నర్సమ్మ మూడుసార్లు పశ్చాత్తాపపడింది. పక్కన కూర్చునే దర్జీ తాతకి చెవుడు కాబట్టి ఒకసారే పడ్డాడు. అయినా ఒరుగుతోంది.

మొన్న ఆదివారం మలుపు దాటాక నీ మరదలు బండి ఆపమంది. ఇన్నాళ్ళూ రెండు చేతులతో కిటికీ పైన పట్టీ పట్టుకుని కూర్చునేది. ఆ రోజు పట్టీ వదిలి, తలుపు తీసి, దిగింది. "మీరు పదండి, నేను నడిచొస్తా" అంది. ఇంకా నాలుగు కిలోమీటర్లుంది. నా ప్రసంగం సగంలో ఉండగా గది తలుపు దగ్గర నిలబడి చెప్పులోంచి రాయి తీసుకుంటూ కనిపించింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఆలస్యంగా రావడం అదే మొదలు. ఇక ప్రతి ఆదివారం నడిచే వస్తుందట. వానలు పడ్డా సరేనట. ఆమె మోకాలి సంగతి నీకు తెలుసు.

ఆమెని మళ్ళీ బండెక్కించాలి. నాకు కావలసింది అంతే.

తక్కినవన్నీ కృపే. చలికాలంలో బండి టాపు మీద టేకుతో ప్రసంగ వేదిక కట్టాను. నాలుగు మైకు హారన్లు, నీళ్ళ డ్రమ్ము, ఎక్కడానికి నిచ్చెన. సంతలో ఆపి పైకెక్కానంటే బేరాలు ఆగిపోతాయి. ప్రార్థన గదికి గంట కూడా అమరింది. ఉక్కు కడ్డీ. సుత్తితో ఒక్కటిస్తే కొండంతా మోగుతుంది. నువ్వు వినాలి.

బండిని మోసే ఉక్కు పట్టీలు, ఆ కమాన్లు, మార్చమంటావా? ఈ విద్య నీది, నువ్వే చెప్పాలి.

నీ తమ్ముడు

ఇక్కడ నన్ను ఉరుము అని పిలుస్తారట. నా ముందు అనరు.


కమాన్ల షాపు, వెనక గది
ఫిబ్రవరి 17

తమ్ముడికి,

ఉత్తరం అందింది. కోపం ఉంది. అది తర్వాత.

ముందు ఒకటి చెప్పు. వెళ్ళేటప్పుడు కుడికి తిరిగే మలుపు వచ్చేటప్పుడు ఎడమకి తిరుగుతుంది. అప్పుడు బండి కుడికి ఒరుగుతోందా లేదా? ఒరుగుతుంటే, ప్రార్థన ముగిసేలోపు పాపం ఎడమ బల్ల నుంచి కుడి బల్లకి ఎలా మారిందో రాయి. ఇరవై ఆరేళ్ళుగా ఈ షాపులో ఉన్నాను. అలాంటి బండి నా దగ్గరికి రాలేదు.

బండి మలుపు తిరిగినప్పుడు చక్రాలు రోడ్డుని పట్టుకుని తిరుగుతాయి. పైనున్న బాడీ మాత్రం తిన్నగా పోదామని చూస్తుంది. అందుకే బయటివైపుకి ఒరుగుతుంది. ప్రపంచంలో ప్రతి బండీ ఒరుగుతుంది, పాపాత్ములవీ పుణ్యాత్ములవీ. బరువు ఎంత ఎత్తున ఉంటే అంత ఎక్కువ ఒరుగుతుంది. నువ్వేమో బరువంతా తీసుకెళ్ళి దాని నెత్తిన పెట్టావు. ఒక పళ్ళెంలో గ్లాసు, గ్లాసు పక్కన పొడుగాటి డబ్బా పెట్టుకుని వంటింట్లో గబుక్కున పక్కకి తిరుగు. ముందు ఏది పడుతుందో చూడు. శుభ్రం చేసేది నువ్వే, మరదలు కాదు.

వేదిక దించు. హారన్లు దించు. డ్రమ్ము అన్నిటికంటే ముందు దించు. మలుపులో నీళ్ళు కూడా ఒక పక్కకి పరిగెడతాయి, అది ఇంకో తోపు. టైర్లలో గాలి చూడు. అవన్నీ చేశాక ఎంత ఒరుగుతోందో రాయి. కమాన్ల జోలికి మాత్రం నన్నడగకుండా పోకు.

మీ బావ కింద ఒక ముక్క రాస్తారట.

షాకులు మార్చు. — బావ

ఏ బండి వచ్చినా మీ బావ చెప్పేది ఇదే. షాకులు బండి ఎంత మెల్లగా ఒరగాలో చూసుకుంటాయి. ఎంత ఒరగాలన్నది వాటి చేతుల్లో లేదు. ఆయనతో అనకు.

అక్క


క్వారీ కొండ కింద
మార్చి 4

అక్కకి,

వేదిక దించను.

లోకమంతా నవ్వుతుంటే పొడి నేల మీద మూడంతస్తుల ఓడ కట్టిన పెద్దాయనకి నీలాంటి అక్క ఉండి ఉంటే ఏమయ్యేది? రెండంతస్తులు తగ్గించు, బరువు కిందికి తే అనేది. ఏనుగులు ఎక్కడ నిలబడేవి? నువ్వు కొలతలు మాట్లాడుతున్నావు. నేను పిలుపు గురించి మాట్లాడుతున్నాను. ఆ వేదిక మీంచి పలికిన మాట సంత అవతలి చివర ఉన్న తాగుబోతు చెవిలో పడింది. అతను తాగుడు మానలేదు, కానీ లేచి కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కుడికే ఒరుగుతుంది. నువ్వన్నది నిజం. అంతవరకూ ఆలోచించలేదు. ఎడమ బల్ల వాళ్ళకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇక్కడ లారీలు బాగుచేసేవాడి చేత వెనక కమాన్లకి రెండేసి పట్టీలు అదనంగా వేయించాను. నువ్వు అడగమన్నావు, అడిగితే వద్దంటావని అడగలేదు. ఒరగడం కొంత తగ్గింది, స్తోత్రం. అయితే ఇప్పుడు చిన్న గతుకు తగిలినా వెనక కూర్చున్నవాళ్ళు లేచి పడుతున్నారు. మొన్న స్పీడ్ బ్రేకర్ మీద దర్జీ తాత పై పళ్ళ సెట్టు ఎగిరి నర్సమ్మ ఒళ్ళో పడింది. ఆమె తీసి, కొంగుతో తుడిచి, ఇచ్చేసింది. "నలభై ఏళ్ళ ఉద్యోగంలో చాలా చూశానయ్యా, ఇది చూడలేదు" అంది. తాత ఏమన్నాడో పళ్ళు లేక ఎవరికీ తెలియలేదు.

నీ మరదలు నడుస్తూనే ఉంది. కిందటి వారం బూట్లు కొనుక్కుంది. మంచివి, అడుగు మందంగా ఉన్నవి. ఒకటి రెండు వారాల్లో బండెక్కాలనుకున్న మనిషి అలాంటి బూట్లు కొనదు.

నీకు కోపం ఉందన్నావు. ఉంటే కక్కెయ్యి. లోపల పెట్టుకుని తిరిగితే ఒంటికి మంచిది కాదు, ఆత్మకి అసలే కాదు.

తమ్ముడు


కమాన్ల షాపు
మార్చి 12

ఒరేయ్,

ఈ ఉత్తరం చదవడం అయ్యాక ప్రార్థన చెయ్యకు. పానా తీసుకుని బండి కిందికి పో. ఆ పట్టీలు పీకెయ్. ఆదివారం లోపు.

ఎందుకో చెబుతాను. కమాన్ పట్టీకి తిన్నటి రోడ్డేదో మలుపేదో తెలియదు. గట్టిగా చేస్తే రెండుచోట్లా గట్టిగానే ఉంటుంది. అందుకే తాత పళ్ళు ఎగిరాయి. అదొక్కటే అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. నువ్వు వెనక మాత్రమే గట్టి చేశావు, ముందు అలాగే వదిలేశావు. అప్పుడు మలుపులో లోపలివైపు వెనక చక్రం రోడ్డు మీంచి లేస్తుంది. తడి రోడ్డయితే తోక బయటికి జారుతుంది. ఆ మలుపు బయటివైపు ఏముందో నువ్వే రాశావు. లోయ అడుగున లారీలు.

నీకు కావలసింది తిన్నటి రోడ్డు మీద పడుకుని మలుపులో లేచి పనిచేసే వస్తువు. అది నీ బండికి కంపెనీ నుంచే వస్తుంది. స్టెబిలైజర్ రాడ్డు అంటాం. ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక మందమైన ఉక్కు కడ్డీ, రెండు చివర్లూ వెనక్కి వంగి ఒక్కో చక్రానికీ తగిలి ఉంటుంది. రెండు చక్రాలూ కలిసి గతుకెక్కితే అదీ వాటితో పాటు ఊరికే లేస్తుంది, ఎవరినీ ఏమీ అనదు. ఒక చక్రం మీదికి బండి ఒరగబోతే మాత్రం మెలితిరిగి, రెండో చక్రాన్ని సాయం పిలుచుకుని, ఒరగనివ్వకుండా పట్టుకుంటుంది. నీ సంఘంలో అలాంటి మనిషి ఒకరుంటారు చూడు. మామూలు రోజుల్లో కనపడరు.

బండి కింద పడుకుని చూసి రాయి. ఆ రాడ్డు ఉందా? విరిగిందా? వదులైందా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి.

అక్క

షాకులు. — బావ


క్వారీ కొండ కింద
మార్చి 24

అక్కకి,

ఎవరికీ ఏమీ కాలేదు. ముందు ఆ మాట రాయమంది నీ మరదలు.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. శనివారం పట్టీలు తీయిద్దామంటే లారీలవాడు ఊళ్ళో లేడు. ఒక్క ఆదివారమే కదా అనుకున్నాను. తెల్లవారుజామున మొదటి వాన పడింది. మలుపులో కుడివైపు వెనక చక్రం లేచింది. ఆ తర్వాత తోక లోయ వైపు జారింది, నువ్వు రాసినట్టే, ఆ వరసలోనే. నేను బ్రేకు మీద కాలు కూడా పెట్టలేదు, పెట్టాలన్నది గుర్తు రాలేదు. రోడ్డంచున తెల్ల సున్నం వేసిన రాళ్ళుంటాయి. వెనక చక్రం ఒక రాయికి తగిలి ఆగింది. బల్లలు రెండూ బోల్టులు తెంచుకుని ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తొమ్మిది మందినీ ఒక్కొక్కరినే దింపాను. నర్సమ్మ అందరి నాడీ చూసింది. నాది చివర చూసి, "నీదే బాగోలేదు" అంది.

ముందే బయల్దేరిన నీ మరదలు అప్పటికి మా వెనక నడిచొస్తోంది. మొత్తం చూసింది. ఇంటికొచ్చాక, "చక్రం గాల్లో తిరుగుతుంటే చూశాను" అంది. భోజనం వడ్డించింది. అంతే.

సోమవారం వేదిక నా చేతులతోనే విప్పాను. హారన్లు, డ్రమ్ము, నిచ్చెన, అన్నీ కింద ఉన్నాయి. పట్టీలు తీయించాను. టైర్లలో గాలి నువ్వు చెప్పినంత పెట్టించాను. ఆ టేకు చెక్కతో ఏం చెయ్యాలో తోచడం లేదు.

లేఖనంలో ఒక సంగతి ఉంది. దేవుని పెట్టెని కొత్త బండి మీద ఎక్కించి తీసుకెళ్తుంటే ఎడ్లు తడబడి బండి ఒరిగింది. పక్కనున్నవాడు పెట్టె పడిపోతుందని చెయ్యేసి పట్టుకుని అక్కడికక్కడే చచ్చిపోయాడు. ముట్టకూడనిది ముట్టాడని వాడి మీద ఇరవై ప్రసంగాలైనా చేసుంటాను. నిన్న మొదటిసారి ఆ బండి ఎవరు సిద్ధం చేశారా అని ఆలోచించాను.

ఇంకేమైనా చెయ్యాలంటే రాయి. చేస్తాను.

తమ్ముడు


కమాన్ల షాపు
ఏప్రిల్ 1

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన లేచి బయటికెళ్ళి, షాపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి కూర్చున్నారు.

నేనడిగింది ఒక్కటి. నువ్వు నాడీ గురించి రాశావు, సున్నం గురించి రాశావు, పాతకాలపు ఎడ్ల గురించి రాశావు. రాడ్డు ఉందో లేదో రాయలేదు. చిన్నప్పుడూ ఇంతే. నాన్న అద్దం పగిలిన రోజు కూర ఎంత రుచిగా ఉందో అరగంట చెప్పావు.

అందుకని నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మీకు గంట ఉందట. ఉక్కు కడ్డీ అట. కొండంతా మోగుతుందట. మామూలు ఇనుము అలా మోగదురా. అలా మోగేది మంచి స్ప్రింగు ఉక్కు. నీ గంట పొడుగు మనిషి చేతులు చాపినంత ఉంటుందా? రెండు చివర్లూ ఒకే వైపుకి వంగి ఉన్నాయా? చివర్లలో కన్నాలున్నాయా, వేలాడదీసిన తాడు ఆ కన్నాల్లోంచే పోతోందా?

జవాబు రాయక్కర్లేదు. బండి నడుముకి ఉండాల్సిన ఎముక తీసి గదిలో వేలాడదీశావు.

ఇప్పుడు కంగారుపడి దాన్ని మళ్ళీ బండికి బిగించకు. రెండేళ్ళు సుత్తి దెబ్బలు తిన్న ఉక్కు. ఎక్కడో గాటు పడుంటే మలుపులో పుటుక్కుమంటుంది. లారీ పార్సిల్లో నా దగ్గరికి పంపు, నేను చూస్తాను. అప్పటిదాకా ఆ బండిలో నువ్వు తప్ప ఎవరూ ఎక్కకూడదు. నువ్వూ ఎక్కకపోతే ఇంకా మంచిది.

ఎందుకు తీశావో మాత్రం రాయి. అది నాకు తెలియాలి.

అక్క


క్వారీ కొండ కింద
ఏప్రిల్ 9

అక్కా,

టక్‌మనేది.

అంతే కారణం. నువ్వు బండి ఇచ్చిన రోజు నుంచీ ముందు ఎక్కడో ప్రతి గతుక్కీ టక్, టక్ అనేది. నా ప్రసంగం నేను బండి తోలుతూ పైకి చెప్పుకుని కంఠస్థం చేస్తాను, నీకు తెలుసు. కాగితం చూసి మాట్లాడేవాడు బోధకుడు కాడని నా నమ్మకం. నేను తీర్పు దినం గురించి గొంతు పెంచేవాణ్ణి. టక్. అగ్నిగుండం అనేవాణ్ణి. టక్ టక్. ఎవరో పక్కన కూర్చుని వెక్కిరిస్తున్నట్టుండేది. రెండు నెలలు ఓర్చుకున్నాను. ఒకరోజు బండి కింద దూరి చూస్తే ఆ కడ్డీ చివర కదులుతూ కనిపించింది. బోల్టులు తీశాను, వచ్చేసింది. తర్వాత బండి ఎప్పటిలాగే నడిచింది, ఆగలేదు. లేకపోయినా బండి నడుస్తోందంటే అక్కర్లేని వస్తువనుకున్నాను. ఒరగడం కాస్త పెరిగింది, నిజమే. టాపు మీద వేదిక కట్టేదాకా పట్టించుకోలేదు.

పారేయడానికి చేతులు రాలేదు. తాడు కట్టి వేలాడదీసి సుత్తితో కొట్టి చూశాను. అంత తియ్యటి శబ్దం నేను వినలేదు. ఎక్కడిదని సంఘం అడిగింది. పైనుంచి అమరింది అన్నాను. కిందనుంచి అని చెప్పి ఉండాల్సింది.

ఆ మాట మీద ప్రసంగం కూడా చేశాను. వాళ్ళు దాన్ని నమ్ముతారు. నర్సమ్మ ప్రార్థనకి వెళ్తూ దాన్ని ఒకసారి ముట్టుకుంటుంది.

కడ్డీ పార్సిల్లో పంపాను. బాగుచేయించడానికని చెప్పాను. నీ మరదలికీ అంతే చెప్పాను. ఇప్పుడు ఆదివారాలు గదికి నలుగురే వస్తున్నారు, నడవగలిగినవాళ్ళు. నర్సమ్మ రాలేదు. తన పాపం ఇంకా పోలేదేమో, అందుకే బండి జారిందేమో అని కబురు పంపింది. జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపాను. నేను, అక్కా. ఇరవై ఏళ్ళుగా కాగితం చూసి మాట్లాడనివాణ్ణి.

తమ్ముడు


కమాన్ల షాపు
ఏప్రిల్ 18

తమ్ముడికి,

రాడ్డు అందింది. శుభ్రంగా తుడిచి, కిరసనాయిలు రాసి, ఆరనిచ్చి, సుద్దపొడి పూశాను. పగులుంటే అందులో దాక్కున్న కిరసనాయిలు మెల్లగా బయటికొచ్చి సుద్ద మీద గీతలా కనపడుతుంది. సరిగ్గా మధ్యలో, నువ్వు సుత్తితో కొట్టే చోట, వెంట్రుక మందాన గీత కనపడింది. తిరిగి బిగించి ఉంటే ఒక నెల పనిచేసేది. నువ్వు దాన్ని నమ్మడం మొదలుపెట్టాక విరిగేది.

అదే రకం పాత వ్యాను ఒకటి విప్పడానికి వచ్చింది. దాని రాడ్డు బాగుంది, పరీక్షించాను. దాన్నే పంపుతున్నాను, చక్రాలకి కలిపే కొత్త లింకులు, ఇనుము ఇనుముకి తగలకుండా మధ్యలో వేసే కొత్త రబ్బరు బుష్షులతో.

బుష్షుల దగ్గరికి వచ్చాం కాబట్టి నా కోపం సంగతి చెబుతాను.

నువ్వు బండి తీసుకెళ్ళిన రోజు గుర్తుందా. ఆదివారం. షాపులో నలుగురు కస్టమర్లున్నారు. నువ్వు పానాల బల్ల ఎక్కి, విశ్రాంతి దినాన కొట్టు తెరిచే ఆడమనిషి ఇంటి మీద ఏమేం కురుస్తుందో పేరుపేరునా చెప్పావు. ఆ ఆడమనిషి అప్పుడు నీ బండి కిందే పడుకుని ఉంది, నీ బండే బాగుచేస్తూ. రాడ్డు చివర బుష్షులు అరిగిపోయాయి, టక్‌మంటున్నాయి. కొత్తవి నా చేతిలో ఉన్నాయి. పది నిమిషాల పని. వాటిని డ్రాయర్లో వేసి, బండి కిందనుంచి లేచొచ్చి, తాళాలు నీ చేతికిచ్చాను. దారి పొడుగునా టక్‌మననీ, ఆ గొంతుకి అడ్డు తగలనీ అనుకున్నాను.

తగిలింది.

నువ్వు రాడ్డే పీకేస్తావని నాకు తెలియదు. అరిగిన బుష్షుతో ఎవరూ చచ్చిపోరు. అయినా ఆ టక్ టక్ పంపింది నేను. తెల్ల సున్నం వేసిన రాయి గురించి చదివిన రోజు నుంచీ ఆ డ్రాయరు ముట్టుకోలేదు. నిన్న తెరిచాను. రెండేళ్ళు వాడకుండా ఉన్న రబ్బరు గట్టిపడిపోయింది. పారేశాను. ఇవి కొత్తవి.

ఇది మీ బావతో కూడా నిన్ననే చెప్పాను.

నాకు తెలుసు. — బావ

పార్సిల్ ఒక షరతు మీద పంపుతున్నాను. రాడ్డు బిగించేముందు ఎడమ బల్ల వాళ్ళకి జరిగింది జరిగినట్టు చెప్పు. నర్సమ్మకి ముందు. చెప్పలేనంటే మూట విప్పకుండా తిప్పి పంపెయ్. నీ పాత గంట ఇక బండికి పనికిరాదు, ఇక్కడే ఉంచుకుంటున్నాను. మంచి గొంతే. మీ బావని భోజనానికి పిలవడానికి వాడుతున్నాను.

అక్క


క్వారీ కొండ కింద
మే 4

అక్కకి,

మూట విప్పాను.

అంతకు ముందు శనివారం నర్సమ్మ ఇంటికెళ్ళాను. దర్జీ తాతనీ, ఎడమ బల్ల వాళ్ళ మిగతా ఇద్దరినీ అక్కడికే రమ్మన్నాను. నీ మరదలు కూడా వచ్చింది, నేను రమ్మనలేదు. ఎత్తయిన చోటు ఏదీ వెతుక్కోకుండా కింద పీట మీద కూర్చున్నాను. బండి ఒరిగింది మీ పాపం వల్ల కాదు, నేను ఒక కడ్డీ పీకడం వల్ల అని చెప్పాను. పైనుంచి అమరిందన్న గంట ఆ కడ్డీయే అని చెప్పాను. తాతకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాట గట్టిగా రెండుసార్లు చెప్పడం ఎలా ఉంటుందో నువ్వు ఊహించుకో. వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా విన్నారు.

తాత ఆలోచించి, "అయితే నేను పడిన పశ్చాత్తాపం?" అన్నాడు.

"అది వేరే దేనికైనా సరిపోతుందిలే" అంది నర్సమ్మ. "నేను మూడుసార్లు పడ్డాను. నాకు రెండు మిగిలాయి. ఒకటి ఇతనికి ఇచ్చేస్తున్నా." నా వైపు చూపించింది.

నేను తీసుకున్నాను.

నువ్వు ఆదివారం షాపు తెరవడం మీద నేను అన్నవి కూడా వాళ్ళకి చెప్పాను. ఆ రోజు షాపు మూసుంటే బండి కింద ఎవరుండేవారయ్యా అంది నర్సమ్మ. నా దగ్గర వాక్యం ఉంది. తీయలేదు. నువ్వు బుష్షులు డ్రాయర్లో వేయడం గురించి నాకు కోపం వస్తుందేమోనని రెండు రోజులు చూశాను. రాలేదు. నీ స్థానంలో నేనుంటే చక్రం బోల్టులు కూడా వదులు చేసేవాణ్ణి.

ఇంటికొచ్చే దారిలో నీ మరదలు ఒకటే అడిగింది. "ఇంకేమైనా తీసేశారా?"

లేదన్నాను. పది అడుగులు వేశాక, వెనక అద్దం వైపరు అన్నాను. అది కూడా పెట్టించింది.

రాడ్డు ఇద్దరం కలిసి బిగించాం. ఆమె లైటు పట్టుకుని నీ కాగితం చదివింది, నేను పానా తిప్పాను. బల్లలు ఈసారి పక్క రేకులకి కాకుండా అడుగు చట్రానికి బిగించాను. ఆ టేకు చెక్కతో వాటికి చేతులు పెట్టాను, పట్టుకోవడానికి. ఖాళీ బండితో మలుపు ఆరుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఆమె రోడ్డు మీద నిలబడి చూసింది. ఏడోసారి చెయ్యెత్తి ఆపి, ఎక్కింది. బూట్లతోనే.

నిన్న ఆదివారం తొమ్మిది మందీ వచ్చారు. గంట లేదు, అయినా ఎవరూ ఆలస్యం కాలేదు. బండి ఒరిగింది, నువ్వన్నట్టు ప్రతి బండీ ఒరిగినంత. ఎడమ బల్ల వాళ్ళు ఆ టేకు చేతులు పట్టుకున్నారు. లారీల నంబర్లు ఎవరికీ కనపడలేదు. టక్ లేదు.

నేను ఎప్పటిలాగే ప్రసంగం పైకి చెప్పుకుంటూ తోలుతున్నాను. నిద్రపోయేవాళ్ళంటే నాకు పడదు, నీకు తెలుసు. లేఖనంలో బోధ వింటూ కిటికీలో కునికి మూడో అంతస్తు నుంచి పడినవాడు ఒకడున్నాడు, వాణ్ణి ఎన్ని ప్రసంగాల్లోకి లాగానో లెక్కలేదు. మా గదిలో ఎవరి తలైనా వాలితే బల్ల గుద్ది లేపుతాను. నిన్న అగ్నిగుండం దగ్గరికి వచ్చి గొంతెత్తబోతూ పక్కకి చూశాను. కిటికీ పైన పట్టీ ఖాళీగా ఊగుతోంది. నీ మరదలి చేతులు ఒళ్ళో ఉన్నాయి. తల అద్దానికి ఆన్చి ఉంది. అప్పటికి మలుపు సగంలో ఉన్నాం.

మిగతా ప్రసంగం లోపలే చెప్పుకున్నాను.

నీ తమ్ముడు

షాకులు కూడా మార్పించాను. బావకి చెప్పు.